అరుగు లేని మేడలు

జగ్గయ్యపేట, నందిగామ శివార్లలో లేచిన కొత్త మేడలను చూసినప్పుడల్లా తెలుగు పాఠం చెప్పే నాకు క్షీణ ప్రబంధాలు గుర్తుకొస్తాయి. వస్తువు కొంచెం, అలంకారం కొండంత.

బరువు మొయ్యని స్తంభాలు రెండంతస్తుల ఎత్తున నిలబడతాయి. పడమటి ఎండకు ఎదురుగా గాజుపలకలు బిగిస్తారు. లోపల చేరిన వేడిని ఏసీ యంత్రాలతో వీధిలోకి తోడిపోస్తారు. ఎండలకు పేరుపడిన ఈ మెరక సీమలో ఇంతకు మించిన రూపదోషం ఏముంది?

పాత మండువా లోగిలిని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. మధ్యనున్న ఆకాశం ఆ ఇంటికి గాలీ వెలుతురూ ఇచ్చిన మాట నిజం. పాలేరును కులం గడప దాటనివ్వని మాటా నిజమే. అయినా వీధి అరుగు మీద బాటసారి కాసేపు సేదదీరేవాడు. కొత్త మేడ అరుగును తీసేసి ప్రహరీ లేపింది. కులాన్ని మాత్రం తియ్యలేదు.

ఇది కేవలం అభిరుచి లోపమా? కాదు. 2014లో రాజధాని ప్రకటన తరువాత ఇక్కడ పొలాలు ప్లాట్లయ్యాయి. భూమి సరుకైన చోట ఇల్లు ఆ సరుకుకు ప్రకటన అవుతుంది. ప్రకటనకు ముఖం చాలు, కడుపు అక్కరలేదు.

జగ్గయ్యపేట సున్నపురాయే సిమెంటవుతున్నది, ఆ సిమెంటే మేడ అవుతున్నది. ఆ రాయి తవ్వినవాడికి, ఈ గోడ కట్టిన తాపీ కూలీకి దీని నీడలో కూర్చునే చోటుందా? ఏ మేడనైనా మనం ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.