కొల్లేరును కంచంలోనూ చూడాలి

చలికాలం ఆదివారాల్లో ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ కొల్లేటి వైపు బయల్దేరే కుటుంబాల కార్యక్రమం దాదాపు ఒకే తీరున ఉంటుంది. పొద్దున్నే ఆటపాకలో గూడబాతుల్నీ, ఎర్రకాళ్ల కొంగల్నీ చూడటం, పడవ మీద ఒక చుట్టు, ఫొటోలు, ఆపైన కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ దర్శనం. ఆకలేసేసరికి కారు హైవే ఎక్కుతుంది. భోజనం ఏ డాబాలోనో చికెన్ బిర్యానీతో అయిపోతుంది. బిర్యానీ మీద నాకు పగేమీ లేదు. ఊటీకో, అరకుకో వెళ్లినప్పుడు ఏం తిన్నా పెద్దగా పోయేదేం లేదు, కళ్లతో చూసింది చాలు. కొల్లేటికి మాత్రం అది చాలదు. కొల్లేరు కంటికి దొరికే సరస్సు కాదు గనక, ఇక్కడ చూడటమనే పనిలో సగం భోజనం దగ్గరే జరగాలని నా వాదన.

నీలంగా మెరిసే నిండు సరస్సును ఊహించుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ నిరాశే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే నీళ్లను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. లోతు తక్కువ. వరదొస్తే పెదఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మునుగుతుంది, ఎండాకాలంలో చాలా మేర నేల నెర్రెలిస్తుంది. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు, అవి చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఇంత చరిత్రా ఉన్నా, రోడ్డు మీద నిలబడ్డ మనిషికి కనిపించేది కిక్కిస, గుర్రపుడెక్క, గట్లు. ఏది సరస్సో ఏది చెరువో బయటివాడు పోల్చుకోలేడు.

చేప పోల్చి చెబుతుంది. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక అన్నీ నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలిగిన చేపలు. ఎండకు ఇంకిపోయే బురదనీళ్లలో, నాచూ తూడూ కమ్మేసి ఊపిరాడని చోట బతకాలంటే ఆ విద్య ఉండాలి. వాటి పులుసు తినేవాడికి ఈ సరస్సు లోతెంతో, ఏడాది పొడవునా ఎలా మారుతుందో వివరించడానికి వేరే బోర్డు అక్కర్లేదు. పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో. అది ఉప్పుటేరు ఎదురెక్కి వస్తుంది, అంటే కొల్లేటికి సముద్రంతో ఉన్న బంధుత్వం దాని వల్లే తెలుస్తుంది. ఇక శీలావతి, బొచ్చె వస్తే అది చెరువుల కథ, ఐసు వేసుకుని హౌరాకూ అస్సాంకూ పోయే లారీల కథ. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉందని పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లలకు, ఆ మొదటి స్థానం ఏ గట్ల మధ్య పుట్టిందో చూపించేది ఈ ముక్కే.

చేపల చెరువుల్లో చూడ్డానికేముంది అనేవాళ్లు దక్షిణ చైనాలోని షుండే సంగతి తెలుసుకోవాలి. పెర్ల్ నది డెల్టాలో, కొల్లేటి చుట్టుపక్కల్లాగే పల్లపు నేల. అక్కడ గట్ల మీద మల్బరీ, గట్ల మధ్య చేపలు పెంచారు. పట్టుపురుగుల రెట్ట చేపలకు మేత, చెరువు అడుగు బురద మల్బరీకి ఎరువు. చెరువు చేపల వంటలకు పేరుపడ్డ ఆ ఊరు 2014లో యునెస్కో భోజన నగరాల జాబితాకెక్కింది. మన హైదరాబాద్ అందులో చేరింది 2019లో. గువాంగ్జౌ, హాంకాంగ్ కుటుంబాలు ఒక పూట తిండి కోసమే షుండే వెళ్తాయి. అక్కడ పల్చగా తరిగి పచ్చిగానే తినే చేపల్లో గడ్డిచేప ముఖ్యం. ఆ గడ్డిచేప 1959లో హాంకాంగ్ నుంచే మన దేశానికొచ్చి, మన చెరువుల్లోనూ చేరింది. చేప ఒకటే. వాళ్లు దాన్ని ఊరి పేరుతో వడ్డించారు, మనం ఐసులో పెట్టి ఊరు దాటించాం.

కొల్లేటిని కంచంలో చూడాలనే మాటకు వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది అభయారణ్యం: తిండికోసం జనం ఎగబడితే పక్షుల గతేమిటి? నిజమే, ఆటపాక గట్టు మీద పొయ్యిలు వెలగాలని ఎవరూ కోరరు. భోజనం కైకలూరులోనో, ఆకివీడులోనో, ఏలూరులోనో చేయొచ్చు. పైగా అభయారణ్యంలో చెరువుల సాగుకు అనుమతి లేదు గానీ సంప్రదాయ వేటకు ఉంది. దోనె మీద వెళ్లి మావులు (చేపల బుట్టలు) వేసి పట్టే వడ్డీ కులస్థుల చేపకు మంచి ధర పలికితే, చట్టం ఒప్పుకున్న బతుకుకు బలం వస్తుంది. రెండోది కాలుష్యం, దీన్ని తేలిగ్గా తోసేయలేం. పట్టణాల మురుగూ పొలాల పురుగుమందులూ చేరేది ఇక్కడికే. కానీ చేపను చూడకుండా వెళ్లిపోతే మురుగు ఆగదు. తినే కుటుంబాలు పెరిగితేనే నీటి పరీక్షల ఫలితాలు బయటపెట్టమని అడిగే గొంతులు పెరుగుతాయి. సహజంగా దొరికే చేప తగ్గిపోయింది కదా అనేది మూడో మాట. తగ్గింది, కాదనను. అప్పుడు చెరువు చేపను చెరువు చేపగానే చెప్పి పెట్టండి. పేరులేని చేపకు కారం పట్టించి, వేయించి, కొల్లేటి స్పెషల్ అనడమే తప్పు.

వీటన్నిటికన్నా ఇంటి అభ్యంతరాలు గట్టివి. పక్షులు బాగా కనిపించే కాలానికీ కార్తీక మాసానికీ ముడిపడి ఉంది, ఆ నెల చాలా ఇళ్లలో నీచు ముట్టరు. అలాంటి ఇళ్లవాళ్లకు కంద బచ్చలి కూర ఉంది, వనభోజనాలనే పాత పద్ధతీ ఉంది. ఊరు చూడటం, అక్కడే వండుకు తినడం మనకు కొత్త కాదు. కొల్లేటికోటలో అమ్మవారికి పాలపొంగళ్లు, వేడి నైవేద్యాలు పెట్టే కుటుంబాలు చేసేది అదే. చేపలకు వెళ్లేవాళ్లు ఆ నెల దాటాక, సంక్రాంతి నుంచి ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర దాకా వెళ్లొచ్చు. పిల్లలకు ముల్లు భయమా, కొర్రమీనుతో మొదలుపెట్టండి. చిక్కల్లా పులుసుతోనే. అది మర్నాటికే రుచి పట్టుకుంటుంది, పొద్దున వచ్చి సాయంత్రం పోయే కుటుంబానికి ఆ భాగ్యం లేదు. నిన్నటి పులుసును ధైర్యంగా నిన్నటిదని చెప్పి, ధర పెంచి అమ్మే హోటలు ఒకటైనా ఇక్కడ రావాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర్లోనే ఉంది, పులుసుకు కావలసిన సరుకంతా చేతికందే దూరంలోనే దొరుకుతుంది.

పర్యాటక శాఖ కొల్లేటి కోసం ఏదైనా చేయాలనుకుంటే, కొత్త విగ్రహాలూ సెల్ఫీ పాయింట్లూ కాసేపు పక్కనపెట్టి, చేప పేరు, అది సరస్సుదా చెరువుదా, ఏ ఊరిది అనే మూడు వివరాలు రోజూ బోర్డు మీద రాసే హోటళ్లకు గుర్తింపు ఇవ్వాలి. అందాకా ఆ పని మనమే చేయాలి. ఈ చలికాలం అటు వెళ్తే, టేబుల్ దగ్గర కూర్చోగానే ఫిష్ ఫ్రై అని చెప్పేయకండి. ఇవాళ ఏ చేప వచ్చింది, ఎక్కడ పట్టారు అని అడగండి. జవాబు చెప్పలేని చోట కాఫీ తాగి లేచి, చెప్పగలిగిన చోట భోజనం చేయండి.