ఆశాభంగం, మధ్యమత్వం: వీడియో గేముల విమర్శలో దోషవివేచన

ఉత్తమ కృతిని గురించి రాసేటప్పుడు కృతిగుణమే విమర్శకుడికి మాటలు సమకూరుస్తుంది. పూర్తిగా చెడిన కృతిని ఖండించడానికీ పెద్దగా శ్రమ పడనక్కరలేదు. మధ్యస్థంగా నిలిచిపోయిన కృతినీ, గొప్ప ఆశ కల్పించి తీర్చలేకపోయిన కృతినీ అంచనా కట్టడంలోనే విమర్శకుడి వివేచన తేలుతుంది. వీడియో గేములపై సమీక్షలు వెలువడటం మొదలై నాలుగు దశాబ్దాలు దాటింది. ఈ కాలంలో నిరాశపరచిన గేములపై వచ్చిన రచన విస్తారమైనదే. అందులో కోపం, హేళన కనిపించినంతగా దోషనిరూపణ కనిపించదు. ఒక గేములో దోషంగా చెప్పబడినది నిజంగా ఏ కారణం చేత దోషమయిందో నాలుగు ప్రసిద్ధ ఉదాహరణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశీలనకు భారతీయ అలంకారశాస్త్రంలోని దోషచర్చ, తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం ఎంతవరకు ఉపకరిస్తాయో కూడా ఇందులో ప్రస్తావితమవుతుంది.

అంకెలు చెప్పనిది

గేము సమీక్ష తొలినుంచీ అంకెలతో ముడిపడి ఉంది. జపాను పత్రిక 'ఫామిత్సు'లో నలుగురు సమీక్షకులు తలా పదికి మార్కులు వేస్తారు. మొత్తం 40కి లెక్క. 2001లో మొదలైన 'మెటాక్రిటిక్' వివిధ పత్రికల మార్కులను కలిపి నూటికి సగటు కడుతుంది. ఈ సగటు పాఠకుడి కొనుగోలు నిర్ణయం దగ్గర ఆగలేదు. 2010లో అబ్సిడియన్ స్టూడియో రూపొందించిన 'ఫాలౌట్: న్యూ వేగాస్'కు మెటాక్రిటిక్‌లో 85 వస్తేనే బోనస్ అన్న ఒప్పందం ఉందని, 84 రావడంతో అది దక్కలేదని ఆ స్టూడియో ప్రముఖులలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో వెల్లడించారు. ఒక్క మార్కు తేడాతో శ్రామికుల ప్రతిఫలం తారుమారైనప్పుడు ఆ మార్కు దేనికి తగ్గిందో చెప్పవలసిన బాధ్యత విమర్శ మీద పడుతుంది.

తెలుగు సినిమా సమీక్షల పాఠకులకు ఈ స్థితి పరిచితమే. ఐదింటికి రెండు ముప్పావు, మూడు, మూడుంబావు అన్న రేటింగుల మధ్య తేడా కథలో ఉందో, కథనంలో ఉందో, నటనలో ఉందో ఆ అంకె చెప్పదు. మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో చేసిన ఉత్తమ, మధ్యమ, అధమ కావ్య విభాగాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వ్యంగ్యార్థం వాచ్యార్థాన్ని మించితే ఉత్తమం; వ్యంగ్యం ఉండి కూడా అప్రధానమైతే మధ్యమం; వ్యంగ్యం స్ఫురించక శబ్దార్థ చమత్కారమే మిగిలితే అధమం. మధ్యమమన్నది ఆయన దృష్టిలో సగం మార్కులు తెచ్చుకున్న కావ్యం కాదు. కావ్యాంగాల మధ్య ఉన్న ఒకానొక సంబంధానికి ఆయన పెట్టిన పేరు అది. గేముల విమర్శకు కొరవడినది సరిగ్గా ఇటువంటి సంబంధదృష్టి.

గోతిలో దోషమెక్కడ?

నిరాశపరచిన గేములన్నిటిలో మొదట చెప్పుకునేది 1982లో అటారీ సంస్థ విడుదల చేసిన 'ఇ.టి.'. స్పీల్‌బర్గ్ చిత్రం హక్కులు జూలై చివరలో ఖాయమయ్యాయి. క్రిస్మస్ అమ్మకాలకు అందాలంటే సెప్టెంబరు మొదటికల్లా గేము సిద్ధం కావాలి. హోవర్డ్ స్కాట్ వార్షా ఐదు వారాల్లో దానిని రూపొందించారు. లక్షల కొద్దీ కార్ట్రిడ్జిలు అమ్ముడుపోక మిగిలాయి. 1983 సెప్టెంబరులో అటారీ తన మిగులు సరకును న్యూ మెక్సికోలోని అలమొగార్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చింది. ఆ ఏడాది అమెరికా గేము పరిశ్రమ కుప్పకూలడానికి ఈ ఒక్క కృతే కారణమన్న మాట చిరకాలం ప్రచారంలో ఉంది. అంగళ్లను ముంచెత్తిన నాసిరకం గేములు, చౌకగా దొరికిన ఇంటి కంప్యూటర్ల పోటీ వంటి కారణాలు ఆ కథనంలో మరుగున పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో దిబ్బను తవ్వినప్పుడు 'ఇ.టి.'తోపాటు అటారీవారి అనేక ఇతర గేములూ బయటపడ్డాయి.

ఆ గేముపై వచ్చిన ప్రధానాక్షేపణ గోతులకు సంబంధించినది. గ్రహాంతరవాసి తన ఫోను భాగాలను వెతుక్కుంటూ గోతుల్లో పడతాడు. మెడ చాచి పైకి తేలుతాడు. అంచు తగిలితే మళ్లీ పడతాడు. అదే 1982లో, అదే అటారీ 2600 యంత్రంపై, డేవిడ్ క్రేన్ రూపొందించిన 'పిట్‌ఫాల్!' వచ్చింది. దాని ఆకర్షణ అంతా గోతుల మీదే ఆధారపడింది. అందువల్ల గోతిని, పతనాన్ని దోషమనడానికి వీలులేదు. 'పిట్‌ఫాల్!'లో గొయ్యి ముందే కనిపిస్తుంది. దూకే అదను ఆటగాడి చేతిలో ఉంటుంది. 'ఇ.టి.'లో ఒక తెర నుంచి మరొక తెరకు అడుగుపెట్టగానే గోతిలో ఉండవచ్చు. పైగా బొమ్మ పాదాలు నేలమీదే ఉన్నా, తల గోతి అంచును తాకితే చాలు, యంత్రం దానిని పతనంగానే లెక్కిస్తుంది. కంటికి కనిపించేదానికీ యంత్రం తీర్పుకూ పొంతన లేకపోవడం అసలు దోషం. తర్వాతి కాలంలో అభిమానులు ఆ లెక్కను సవరించి గేమును మళ్లీ ఆడదగినదిగా చేయగలగడం ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది.

ఆనందవర్ధనుడు నిత్య, అనిత్య దోషాలను వేరుచేశాడు. శృంగారంలో వర్జించవలసిన శ్రుతికటుత్వం రౌద్రంలో దోషం కాదు. రసాన్ని బట్టి దోషం నిర్ణీతమవుతుంది. గేముల్లో పతనం, పునరావృత్తి, కాఠిన్యం ఈ అనిత్య దోషాల కోవలోకి వస్తాయి. 2011 నాటి 'డార్క్ సోల్స్'లో ఆటగాడు పదే పదే మరణిస్తాడు. ప్రతి మరణం శత్రువు కదలికను గురించి ఒక పాఠం నేర్పుతుంది. 'ఇ.టి.'లో పతనం ఏమీ నేర్పదు. పాక్-మాన్ వంటిది చేయరాదా అని స్పీల్‌బర్గ్ సూచించినా, ఆ చిత్రానికి తగిన కొత్త ఆట కావాలని తాను పట్టుబట్టినట్లు వార్షా తరువాత చెప్పారు. వెతకడం, తప్పించుకోవడం, ఇంటికి చేరడం అన్న ఆ కల్పనలో లోపం లేదు. అయిదు వారాల గడువు మిగల్చని పరీక్షాకాలం కృతిలో లోపమై నిలిచింది. ఈ భేదం చూపని విమర్శ కర్తకు అన్యాయం చేసినట్లే.

వాగ్దానమూ కృతీ

2016 ఆగస్టులో హలో గేమ్స్ అనే చిన్న స్టూడియో 'నో మ్యాన్స్ స్కై' విడుదల చేసింది. గణితసూత్రాల ద్వారా పుట్టే గ్రహాల సంఖ్య రెండుకు అరవై నాలుగో ఘాతం, అంటే 18 తర్వాత 18 సున్నాలు పెట్టినంత. విడుదలకు ముందు స్టూడియో అధిపతి షాన్ మర్రే ఇచ్చిన ఇంటర్వ్యూలలో ఆటగాళ్లు ఒకరికొకరు తారసపడగలరన్న భావన కలిగింది. విడుదలైన తొలిరోజుల్లోనే ఇద్దరు ఒకే గ్రహంపై ఒకే చోటికి చేరి కూడా ఒకరినొకరు చూడలేకపోయారు. ఆగ్రహం పెల్లుబికింది. ప్రకటనలు మోసపూరితమన్న ఫిర్యాదులను విచారించిన బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ అదే ఏడాది నవంబరులో వాటిని తోసిపుచ్చింది.

నాటి సమీక్షలలో రెండు వేర్వేరు ఆక్షేపణలు కలిసిపోయాయి. చెప్పినది ఇవ్వలేదన్నది మొదటిది. అది ప్రచారానికి సంబంధించిన నైతిక ప్రశ్న. ఇచ్చినది కొంతసేపటికే విసుగు కలిగిస్తున్నదన్నది రెండోది. ఇది కృతికి సంబంధించిన రసప్రశ్న. ఇంటర్వ్యూలేవీ చదవకుండా గేము కొన్న ఆటగాడికి మొదటి ఆక్షేపణ వర్తించదు, రెండోది వర్తిస్తుంది. అసంఖ్యాక గ్రహాలున్నా ఒక్కొక్కదానిపై చేయవలసిన పని దాదాపు ఒక్కటే: ఖనిజం తవ్వడం, ఇంధనం నింపడం, ముందుకు సాగడం. సంఖ్యాపరమైన వైవిధ్యం అనుభవపరమైన వైవిధ్యం కాలేకపోయింది. 2018 జూలైలో వచ్చిన 'నెక్స్ట్' అప్‌డేట్‌తో ఆటగాళ్లు ఒకరినొకరు చూడగలిగారు. దానితో వాగ్దానభంగం అన్న ఆక్షేపణ చాలావరకు సమసింది. విసుగును గురించిన ప్రశ్నను మాత్రం విడిగా పరిశీలించవలసి వచ్చింది. రెండింటినీ మొదటే వేరుచేసిన సమీక్షలకే ఈనాటికీ విలువ మిగిలింది.

ఏ పాఠానికి విమర్శ?

వాగ్దానం నెరవేరే క్రమంలో కృతే మారిపోతే విమర్శకు మరో చిక్కు ఎదురవుతుంది. 'సైబర్‌పంక్ 2077' దీనికి స్పష్టమైన నిదర్శనం. 2020 డిసెంబరు 10న విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్ ప్రతి మాత్రమే అందింది. సొంతంగా చిత్రీకరించిన దృశ్యాలు చూపడానికి అనుమతి లేదు. ఆ ప్రతిపై వచ్చిన సగటు 90కి దగ్గరగా ఉండగా, పాత కన్సోళ్లపై ఆడిన వారికి ఆగిపోయే, తునకలయ్యే గేము దక్కింది. ప్లేస్టేషన్ 4 ప్రతి సగటు 60 దాటలేదు. డిసెంబరు 18న సోనీ తన దుకాణం నుంచి ఆ గేమును ఉపసంహరించింది. 2021 జూన్‌లో తిరిగి చేర్చింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ నైపుణ్యాల వ్యవస్థను, పోలీసు వ్యవస్థను మార్చివేసింది.

ఒకే పేరుతో ఇన్ని పాఠాలు చలామణిలో ఉన్నప్పుడు తీర్పు దేనికి? తాళపత్ర ప్రతులలోని పాఠాంతరాలను పోల్చి చూడటం తెలుగు పరిశోధనకు పునాది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రకటించిన ఆంధ్ర మహాభారత సంశోధిత ముద్రణ వంటి కృషి వెనుక ఉన్నది ఏ ప్రతిలో ఏముందో ముందు నమోదు చేయాలన్న నియమమే. గేము సమీక్షకూ ఈ నియమం అవసరం. ఏ యంత్రంపై, ఏ సవరణసంఖ్య గల ప్రతిని ఆడి తీర్పు చెప్పారో పేర్కొనని సమీక్ష ప్రమాణం కాజాలదు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. పాత తాళపత్రం కొత్త ముద్రణ వచ్చినా భాండాగారంలో మిగులుతుంది. గేములో కొత్త సవరణ పాత పాఠాన్ని సామాన్య ఆటగాడికి అందకుండా తుడిచేస్తుంది. డబ్బు చెల్లించిన తొలి కొనుగోలుదారులకు ఏమి దక్కిందో చెప్పే సాక్ష్యంగా చాలాసార్లు నాటి సమీక్షలే మిగులుతాయి. నిరాశను వివరంగా నమోదు చేయడం ఈ విధంగా చరిత్రకు ఆధారమవుతుంది.

మధ్యమత్వ లక్షణం

పై మూడింటిలో వైఫల్యం బహిరంగమైనది. ఏ భాగమూ చెడకుండా నిరాశ కలిగించే కృతి విమర్శకు మరింత కఠినమైన విషయం. 2007 నవంబరులో యుబిసాఫ్ట్ విడుదల చేసిన మొదటి 'అసాసిన్స్ క్రీడ్' ఇటువంటిది. మూడో క్రూసేడు కాలపు డమాస్కస్, ఏకర్, జెరూసలేం నగరాలను అది 1191 నాటి వాతావరణంతో నిర్మించింది. గోడలు, గోపురాలు ఎక్కే స్వేచ్ఛ అపూర్వమని సమీక్షకులు మెచ్చుకున్నారు. కథానాయకుడు అల్టాయిర్ తొమ్మిదిమందిని హతమార్చాలి. ప్రతి హత్యకు ముందు ఎత్తైన కట్టడం ఎక్కి చూడటం, మాటలు చాటుగా వినడం, జేబు కొట్టడం, ఒకరిని కొట్టి రహస్యం రాబట్టడం అదే వరుసలో జరుగుతాయి. ఈ పునరావృత్తిని నాటి సమీక్షలు దాదాపు ఏకకంఠంతో ఎత్తిచూపాయి.

పునరావృత్తి అనిత్య దోషమన్న సూత్రం ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. 'టెట్రిస్' ఆద్యంతం పునరావృత్తే. వేగం పెరిగే కొద్దీ అదే పని కొత్త కష్టమవుతుంది. 'అసాసిన్స్ క్రీడ్'లో తొమ్మిదో విచారణ మొదటి విచారణకన్నా వేరైనది కాదు. చాటుగా విన్న మాట వల్ల హత్య జరిగే తీరు పెద్దగా మారదు. అంటే విచారణ కథాప్రయోజనంగా చెప్పబడి ఆటప్రయోజనం లేకుండా మిగిలింది. తెలుగు ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనల సమస్య ఇటువంటిదే. నగరవర్ణన, ఋతువర్ణన స్వతహాగా దోషాలు కావు. కథతో అన్వయం లేకుండా లక్షణం కోసం చేరినప్పుడు దోషాలవుతాయి. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారం' నాటి నుంచి ఆధునిక తెలుగు విమర్శ ఈ అన్వయలోపాన్ని ప్రశ్నిస్తూనే ఉంది. రసభంగానికి మూలం అనౌచిత్యమన్న ఆనందవర్ధనుడి నిర్ణయం రెండింటికీ సరిపోతుంది. అందమైన నగరం, అన్వయం లేని పని కలిసి ఆ గేమును మధ్యమం చేశాయి. 2009లో వచ్చిన రెండో భాగం పనులలో వైవిధ్యం తెచ్చి మెప్పు పొందడం, మొదటి భాగంపై వచ్చిన విమర్శ సరైన చోటే తగిలిందనడానికి తార్కాణం.

స్వజనుల కృతి

ఈ ప్రమాణాలు దూరదేశపు భారీ గేములకే పరిమితమైతే చర్చ అసంపూర్ణమవుతుంది. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' భారతీయ పురాణలోకాన్ని ఆధారం చేసుకున్న కృతి. తమ్ముడిని వెతుకుతూ వెళ్లే బాలిక కథ అది. దుర్గ, విష్ణువు ఆ కథను చెబుతారు. చిత్రకళను, శిల్పసౌందర్యాన్ని విశేషంగా మెచ్చుకున్న సమీక్షకులు పోరాటఘట్టాలు ఒకే తీరున సాగుతున్నాయనీ, కథ అర్ధాంతరంగా ఆగిందనీ అన్నారు. స్వదేశీయ కృతి గనుక ఈ ఆక్షేపణలను తేలికగా తీసుకోవాలనిపించడం సహజం. కాని ఈ రెండు ఆక్షేపణలూ సమానమైనవి కావు. పోరాటంలోని ఏకరూపత ఆట స్వభావానికి సంబంధించినది. అర్ధాంతర ముగింపు నిర్మాణవనరులకు సంబంధించినది కావచ్చు. ఈ భేదం చూపే విమర్శ కర్తలకు తదుపరి కృతిలో ఉపయోగపడుతుంది. ఔదార్యం పేరిట మౌనం వహిస్తే వారికి దక్కేది అభినందన ఒక్కటే.

ముగింపు

నిరాశపరచిన గేముపై వచ్చిన అంచనా విలువ అందులోని తీవ్రతను బట్టి నిర్ణీతం కాదు. దోషం కృతిప్రయోజనాన్ని ఎక్కడ భంగపరచిందో చూపడం, ప్రచార వాగ్దానాన్ని కృతి నుంచి వేరుచేయడం, తీర్పుకు ఆధారమైన పాఠాన్ని పేర్కొనడం, నిర్మాణ పరిస్థితుల వల్ల కలిగిన లోపానికీ కల్పనాదారిద్ర్యానికీ తేడా గుర్తించడం దానికి ప్రమాణాలు. 'ఇ.టి.' విషయంలో ఇవి లోపించినందువల్ల ఐదు వారాల శ్రమ ఒక పరిశ్రమ పతనానికి చిహ్నంగా ముప్పై ఏళ్లు చెత్తదిబ్బలో పడి ఉంది. తెలుగులో గేముల విమర్శకు పరిభాష ఇంకా స్థిరపడవలసి ఉంది. ఔచిత్యం, అనిత్య దోషం, పాఠాంతరం అన్న మాటలు ఆ పరిభాషకు సిద్ధంగా ఉన్న ముడిసరకు. కావ్యదోషాలను రసదృష్టితో తూచిన విమర్శ సంప్రదాయానికి ఈ కొత్త కళారూపంపై పని చేయడానికి ఆ పనిముట్లు చాలు. ముందుగా గేమును ఓపికతో చివరిదాకా ఆడవలసి ఉంటుంది.