కచ్చా రంగు

పసుపు మరక గురించి తెలుగింటి ఆడవాళ్లకు తెలిసినంత రసాయనశాస్త్రం నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. పెండ్లికొడుకును చేసిన రోజు తెల్లచొక్కా మీద పసుపు పడుతుంది. సబ్బు పెట్టగానే అది రక్తం మరకలా ఎర్రబడుతుంది. తెలియనివాళ్లు కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. మా పక్కింటి అవ్వ మాత్రం తలెత్తకుండానే చెప్తుంది: "ఎండల ఎయ్యి బిడ్డా, అదే పోతది." పోతుంది కూడా.

అవ్వ చెప్పిన ఆ మాటను చొక్కా మీది నుంచి కాగితం మీదికి మారిస్తే ఫొటో తయారవుతుంది. ఎండ తగిలినచోట పసుపు పోయి, నీడ పడ్డచోట నిలిచిందంటే బొమ్మ వచ్చినట్టే కదా. మర్పల్లిలో ఎండలు ముదిరాయంటే మా డాబా మీద నాకు ఇదే పని.

కిరాణా కొట్టు పొడి జోలికి నేను పోను. రంగు కలిపిన పొడి అయితే ఫలితం ఎటు తిరుగుతుందో చెప్పలేం. కొమ్ములు తెచ్చి దంచుకుంటాను. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకని పొడిని స్పిరిట్‌లో నానబెట్టి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి, మందపాటి డ్రాయింగ్ కాగితానికి నీడపట్టున రెండు పూతలు పూస్తాను. ఆరాక దాని మీద ఆకు, ఆకు మీద అద్దం. అడుగున తాండూరు బండ ముక్క. మా వైపు ఏ ఇంట్లోనైనా నేలకు పరచగా మిగిలిన నాపరాయి ఒకటి మూలన పడి ఉంటుంది. కాగితాన్ని అద్దానికి బాగా అదిమిపెట్టాలంటే దానంత చదునైన వస్తువు ఇంకోటి దొరకదు. ఒక్కటే తంటా: మిట్టమధ్యాహ్నానికి బండ కాలిపోతుంది, పచ్చి ఆకులోని తడి ఆవిరై అద్దం కింద కమ్ముకుంటుంది, బొమ్మ అంచులు చెదురుతాయి. ఆకును ముందురోజే పుస్తకంలో పెట్టి వాడనిస్తే ఆ బాధ ఉండదు. మోదుగాకు మందం కాబట్టి నిండు నీడ వేస్తుంది, ఈనెలు మాత్రం కనపడవు. నాకు చింతకొమ్మ ఇష్టం. ఆ చిన్న చిన్న ఆకుల మధ్య సందుల్లోంచి ఎండ దూరి చేసే పనితనం చెయ్యి తిరిగిన చిత్రకారుడికి కూడా కష్టమే.

ఉదయం పదింటికి పెడితే, చైత్రమాసపు ఎండలో భోజనాల వేళకల్లా చుట్టూ తెల్లబడుతుంది. అంటే కర్క్యుమిన్ వెలుతురుకు ముక్కలైపోయిందని అర్థం. ఆ ముక్కల్లో వనిలిన్ కూడా ఒకటి, ఐస్‌క్రీమ్‌కు వాసననిచ్చేది అదే. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, స్పిరిట్ వాసన తప్ప ఏమీ రాలేదు.

బొమ్మ వచ్చాక అసలు సరదా మొదలవుతుంది. తాంబూలంలోకి వాడే సున్నాన్ని నీళ్లలో కలిపి, పైకి తేరిన తేటను కుంచెతో రాస్తే పసుపుపచ్చని ఆకు క్షణంలో ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో జరిగేది ఇదే. ఆరేకొద్దీ ఎరుపు తగ్గి ఇటుక రంగుకు దిగుతుంది. నిమ్మరసం తగిలిందా, మళ్లీ పసుపే. ఒకే అచ్చు మీద రెండు రంగులు ఇట్లా అటూ ఇటూ తిరుగుతాయి. ఎండ తీసుకుపోయిన రంగు మాత్రం ఏం పూసినా తిరిగి రాదు.

మొక్కల రసాలతో ఈ పని చేసి 1842లో లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపినవాడు జాన్ హెర్షెల్. ఇంగ్లండ్ ఎండకు ఆయన పూలరసాల బొమ్మలు తేలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేవి. విచిత్రం ఏమిటంటే, ఫొటోను నిలబెట్టే హైపో అనే రసాయనం గుణాన్ని 1819లోనే కనిపెట్టిందీ ఆయనే. వెండి లవణాల మీద తేలిన బొమ్మను హైపోలో కడిగితే ఇక వెలుతురు దాన్నేమీ చెయ్యలేదు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ ఫొటోలు గుడ్డుసొన పూసిన కాగితాల మీద ఎండలోనే అచ్చయ్యాయి. అవి ఈనాటికీ చూడగలుగుతున్నామంటే హైపో చలవే. పూలరసానికి అలాంటి హైపో హెర్షెల్‌కూ దొరకలేదు, ఆయన తర్వాతివాళ్లకూ దొరకలేదు.

అద్దకంవాళ్లు ఇలా నిలవనిదాన్ని కచ్చా రంగు అని పక్కన పెడతారు. అయితే వాళ్లూ ఎండతో పని చేయించుకోవడం ఎరుగుదురు. పెడన కలంకారీలో పటిక కలిపిన అచ్చు వేసి, ఎర్రరంగులో ఉడికించిన గుడ్డను నీళ్లు చల్లుతూ ఎండలో పరుస్తారు. పటిక పడ్డచోట ఎరుపు పట్టుకుంటుంది, పడనిచోట అంటిన రంగును ఎండ లాగేస్తుంది. వాళ్లకు ఎండ మిగులు రంగును తుడిచే చెయ్యి. నాకేమో బొమ్మ గీసే చెయ్యి.

పోయిన రంగును వెనక్కి తెప్పించే పని అమెరికాలో ఎంఐటీ వాళ్లు చేశారు. 2018లో స్టెఫనీ ముల్లర్ బృందం త్రీడీ ప్రింటర్‌లో చేసిన వస్తువుల మీద వెలుతురుకు మారే సిరాలు వాడింది. మరుసటి ఏడాది నీలి, గులాబి, పసుపు రంగులిచ్చే మూడు సిరాలనూ ఒకే స్ప్రేలో కలిపింది. అతినీలలోహిత కాంతి పడితే మూడూ ముదురుతాయి, తర్వాత ప్రొజెక్టర్ నుంచి రంగు వెలుతురు వేసి అక్కర్లేనిదాన్ని చోటు చోటుకూ చెరిపేస్తారు. బొమ్మకారు, ఫోన్ కవరు, బూటు ఇట్లాగే రంగు మార్చుకున్నాయి. పదిహేను నుంచి నలభై నిమిషాలు పడుతుంది. నచ్చకపోతే మళ్లీ మొదటికి. ఎండలో నల్లబడి నీడలో తేటపడే కళ్లజోడు అద్దాలు వాడేవాళ్లకు ఇది మరీ వింతగా అనిపించదు. నాకు అందులో ఆకర్షణ ఉంది కానీ ఆశ లేదు. చెరిపి మళ్లీ వేయొచ్చని తెలిస్తే చింతకొమ్మను అద్దం కింద అంత జాగ్రత్తగా సర్దుతానా అని అనుమానం.

ఈమధ్య మా మేనల్లుడు వచ్చి, తన పెండ్లి పత్రికలన్నీ పసుపుతోనే అచ్చు వెయ్యమని పట్టుబట్టాడు. కష్టమేం కాదు. ఎండ పడ్డచోట తెల్లబడుతుంది కాబట్టి దీనికి నెగెటివ్ అక్కర్లేదు. జిరాక్స్ షాపులో పారదర్శక షీటు మీద నల్ల అక్షరాలు తీయించి, నలుపు సరిపోకపోతే రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పెడితే చాలు.

"మామా, గోడకు తగిలిస్తే ఎన్నొద్దులుంటది?" అన్నాడు.

"పెండ్లి దాకా ఉంటది."

"అంత ఉంటే సాలు."

పెండ్లి మాఘంలో. అప్పటి ఎండకు ఒక్కో పత్రికా తేలేసరికి పొద్దు గూకుతుంది. అన్నీ ఇప్పుడే వేసి బీరువాలో దాచాలి. ముహూర్తమే ఇంకా పెట్టలేదు.