మీటరుకు ఇవతల

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. దండెం మీద బట్టలు ఆరేస్తూ కరెంట్ షాక్ తగిలి ఇల్లాలు చనిపోయిందని, ఒక్కోసారి ఆమెను లాగబోయిన భర్తో కొడుకో కూడా పోయారని. దండేనికి విద్యుత్ ప్రసరించిందన్న ఒక్క మాటతో వార్త ముగుస్తుంది. ఎలా ప్రసరించింది? స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు బరువును ఒక జీఐ తీగ మోస్తుంది. ఎండకూ వానకూ వైరు తొడుగు పగిలి, గాలికి ఊగి ఊగి రాసుకుపోయి, లోపలి ఫేజు ఆ తీగకు తగులుతుంది. తీగను కట్టిన ఇనుప పైపుకే దండెం రెండో కొస కూడా కట్టి ఉంటుంది. తీగ కొసల్లో పింగాణీ ఇన్సులేటర్లు పెట్టాలని, సర్వీసు వైరు మధ్యలో అతుకు ఉండరాదని కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు అడిగేది ఇందుకే. దేశంలో విద్యుదాఘాతంతో పోయే ప్రాణాలు జాతీయ నేర గణాంకాల ప్రకారం ఏటా 10,000కు పైనే. ఆ సంగతి గుర్తుంటే డిస్కం అడిగే జాబితా ఉత్త కాగితాల తతంగంలా కనిపించదు.

అయితే ఆ జాబితా మనల్ని కాపాడేది మీటరు దాకానే. మీటరు విద్యుత్ పంపిణీ కంపెనీ బాధ్యత, దాని ఇవతల ఉన్నదంతా ఇంటి యజమాని బాధ్యత. వంటింట్లో ఏ వైరు వాడారో, గీజరు ప్లగ్గులో మూడో పిన్ను ఎక్కడికి వెళ్తోందో లైన్‌మన్ చూడడు, చూడడం అతని పని కూడా కాదు. ఇంటి లోపలి సంగతికి కంపెనీ దగ్గర ఉండే సాక్ష్యం ఒక్కటే, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం చేసిన టెస్ట్ రిపోర్టు. మొత్తం దరఖాస్తులో అన్నిటికంటే విలువైన కాగితం అదే. మనం అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేదీ అదే. ఇంటి గడప తొక్కకుండానే దాని మీద సంతకం పడిపోవడం చాలా చోట్ల మామూలైపోయింది. ఆ కాగితం మీద సంతకంతోపాటు కొలిచిన అంకెలు కూడా ఉండాలన్నదే నా వాదన. ఎర్త్ రెసిస్టెన్సు ఎన్ని ఓములు, మెగ్గర్‌తో 500 వోల్టుల దగ్గర చూస్తే వైరింగ్ ఇన్సులేషన్ కనీసం 1 మెగోమ్ దాటిందా, కరెంటు దారి తప్పితే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఎంత లీకేజీకి పడిపోయింది అన్నవి.

అంకెలు ఎందుకంటే, ఎర్తింగ్ ఉందనడం ఒకటి, అది పనిచేస్తుందనడం ఇంకొకటి. ఉప్పూ బొగ్గూ వేసి రెండున్నర మీటర్ల పైపు పాతేస్తే ఇక భయం లేదనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. ఇంటి ఎర్త్ 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 5 ఓములు అనుకుందాం. గీజరు లోపల ఫేజు తెగి దాని ఒంటికి తగిలింది. 230 వోల్టుల మీద, 15 ఓముల దారిలో పారేది దాదాపు 15 ఆంపియర్లు. అక్కడున్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. అది పడదు. గీజరు ఒళ్లు సుమారు 150 వోల్టుల మీద అలాగే నిలబడి ఉంటుంది, తడి చేత్తో కుళాయి తిప్పే మనిషి కోసం. మంచి గుంత తవ్విన ఇంట్లో పరిస్థితి ఇది. రాతి నేలల్లో, అందులోనూ మే నెలలో మట్టి ఎండిపోయాక ఎర్త్ ఇంకా బలహీనపడుతుంది. అందుకే ఎర్తింగ్‌కు తోడుగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేదానికంటే తక్కువ కరెంటు దారి తప్పినా అది సెకనులో మూడో వంతులోపే సరఫరా ఆపేస్తుంది. పాత మాటలో ఈఎల్‌సీబీ.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని, దాంతో పడలేమని చాలామంది అంటారు. ఊరికే పడదు. మన ఊళ్లలో దీనికి తరచూ కనిపించే కారణం రెండు పోర్షన్ల ఇల్లు. కింద ఒక మీటరు, పైన ఒక మీటరు ఉంటాయి, మెట్ల లైటుకు మాత్రం ఫేజు కింది నుంచి, న్యూట్రల్ పైనుంచి తీసుకుంటారు. వెళ్లిన కరెంటు వెళ్లిన దారినే తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీకి అది లీకేజీయే. కొత్త మీటరు కూడా ఫేజునూ న్యూట్రల్‌నూ విడివిడిగా చూసి, తేడా ఉంటే ఎర్త్ గుర్తు వెలిగించి, రెండింటిలో ఎక్కువదానికే బిల్లు వేస్తుంది. అంటే తప్పును రెండు పరికరాలూ చెబుతున్నాయి. న్యూట్రళ్లను విడదీసే ఓపిక లేక ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీని బైపాస్ చేస్తాడు, ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ఇంట్లో కలిపేయడం ఇంకా ఘోరం. ఆ తర్వాత న్యూట్రల్ బయట ఎక్కడో తెగిందంటే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గ్రైండర్ అన్నిటి ఒళ్లలోకీ ఒకేసారి కరెంటు వస్తుంది.

కొత్త షరతు పెడితే కొత్త లంచం పుడుతుందన్న అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. కానీ లంచం పుట్టేది అభిప్రాయానికి చోటున్న దగ్గర. వైరింగ్ బాగోలేదనడం అభిప్రాయం, ఎర్త్ 40 ఓములు చూపిస్తోందనడం కొలత. కొలతను ఇంకొకరు మళ్లీ కొలిచి చూపవచ్చు. గడువుల సంగతి కూడా ఉంది. 2020 నాటి వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించాక, పూర్తి దరఖాస్తు అందినప్పటి నుంచి మెట్రో నగరాల్లో 3 రోజులు, మునిసిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. మంచి మార్పే. అయితే గడువు తగ్గేకొద్దీ వచ్చి చూసే తీరిక కూడా తగ్గుతుంది, భారమంతా ఆ టెస్ట్ రిపోర్టు మీదే పడుతుంది. మా ఇంట్లో 30 ఏళ్లుగా ఎర్తింగ్ లేదు, ఏమైంది అనేవాళ్లకు జవాబు ఆ ఇంటి సామానే చెబుతుంది. 30 ఏళ్ల కింద అక్కడ ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఇప్పుడు గీజరు, ఏసీ, బోరు మోటారు ఉన్నాయి, మూడూ నీళ్ల పక్కనో తడి గోడ పక్కనో.

ఖర్చు మాట నిజమే. రేకుల ఇంట్లో ఉండే కుటుంబానికి ఆర్‌సీసీబీ చిన్న ఖర్చు కాదు. దండెం వార్తల్లో కనిపించేవి ఎక్కువగా ఆ ఇళ్లే కాబట్టి వాటికి ఎర్త్ పైపు, ఆర్‌సీసీబీ ప్రభుత్వమే పెట్టించాలి. కొనగలిగిన వాళ్లు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఎలక్ట్రీషియన్‌కు చివరి వాయిదా ఇచ్చే ముందు ఎర్త్ టెస్టర్ తెప్పించి ఎదుట నిలబడి కొలిపించాలి, వచ్చిన అంకెనూ తేదీనీ మీటరు బోర్డు తలుపు లోపలివైపు పెయింటుతో రాయించాలి. వచ్చే మే నెలలో నేల ఎండినప్పుడు మళ్లీ కొలిచి, ఆ అంకె పక్కనే రెండోది రాయాలి.