చెవితో వేటాడే ఓడ

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లం విశాఖ వెళ్లామంటే రామకృష్ణా బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర ఎక్కకుండా తిరిగి రాం. సోవియట్ దేశంలో తయారైన ఈ 91 మీటర్ల జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు కొలువు చేసి, 2001 ఫిబ్రవరిలో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. చాలామంది లోపలి ఇరుకు చూసి ఆశ్చర్యపోయి బయటపడతారు. కాస్త నిదానంగా చూస్తే మాత్రం, వేల టన్నుల యుద్ధనౌక ఈ సన్నటి ఓడకు ఎందుకు భయపడుతుందో తెలుస్తుంది.

ముందుగా, నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే టార్పెడోలను వదిలే గొట్టాలు చూడాలి. ముందు 6, వెనక 4. ఒక్కో గొట్టానికి లోపలివైపు ఒక తలుపు, సముద్రంవైపు ఒక తలుపు. రెండూ ఒకేసారి తెరుచుకోకుండా అడ్డుకట్ట ఉంటుంది. అది తప్పితే సముద్రమే లోపలికి వస్తుంది. టార్పెడోను లోపలికి తోసి, తలుపు బిగించి, గొట్టాన్ని నీటితో నింపుతారు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమయ్యాకే బయటి తలుపు తెరుస్తారు. టార్పెడో వెళ్లిపోగానే ఆ మేరకు బరువు తగ్గి ఓడ ముక్కు పైకి లేవాలి. లేవదు. పోయిన బరువుకు సరిపడా నీళ్లు ట్యాంకుల్లోకి తీసుకుంటారు. దెబ్బ కొట్టిన మరుక్షణం కూడా తొణకకుండా నిలబడేలా చేసిన ఆ లెక్క చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రెండోది నిశ్శబ్దం. నీటిపైన డీజిల్ ఇంజన్లు నడుస్తాయి, బ్యాటరీలు చార్జ్ అవుతాయి. మునిగాక కరెంటు మోటార్లే. అడుగున మెల్లగా సాగుతూ, తాను చప్పుడు చేయకుండా ఎదుటి చప్పుడు వినడమే దాని పని. మగ్గం చప్పుడు తేడా వస్తే ఎమ్మిగనూరు నేతగాడు పక్కగదిలో ఉన్నా పట్టేసినట్టు, నీటిలోని చప్పుళ్లను పట్టే సోనార్ దగ్గర కూర్చున్నవాడు ప్రొపెల్లర్ మోతను బట్టే అది సరుకు ఓడో యుద్ధనౌకో చెబుతాడు. పైగా సముద్రం కూడా దానికే సాయం. ఎండకు కాగిన పైనీటికీ కింది చల్లనీటికీ మధ్య ధ్వని దారి మళ్లుతుంది. ఆ పొర కిందికి దిగిన జలాంతర్గామిని పైనున్న నౌక సోనార్ పట్టడం కష్టం.

ఆ కష్టానికి మనం ప్రాణాలతో ధర చెల్లించాం. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలలేదు. ఆయనతో కలిపి 194 మంది అమరులయ్యారు. జలాంతర్గామికీ అభయం లేదు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అదే నెల 3వ తేదీ అర్ధరాత్రి వేళ విశాఖ ముంగిట్లోనే మునిగిపోయింది.

నౌకలకు ముప్పు నీటి అడుగు నుంచే కాదు. ఆకాశం నుంచి వచ్చే ముప్పు అంతకు ముందే లోకానికి తెలిసింది. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో జపాన్ విమానాలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ యుద్ధనౌకలను ముంచేశాయి. నాలుగు నెలలకే విశాఖ మీద బాంబులు పడ్డాయి. ఉక్కు మందం పెంచితే చాలదని అప్పుడే తేలిపోయింది. ముప్పును ముందుగా పసిగట్టినవాడే బతుకుతాడు.

ఆ పసిగట్టే విద్యలో తెలుగు నేల వాటా పెద్దది. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్, కొచ్చిలోని ఎన్‌పీఓఎల్ అనే రక్షణ పరిశోధనశాలలు కలిసి రూపొందించిన టార్పెడో రక్షణ వ్యవస్థ మారీచ్ 2020లో నౌకాదళానికి అందింది. నౌక వెనక లాగే పొడవాటి తీగ, వస్తున్న టార్పెడో చప్పుడు వింటుంది. ఆపై నీటిలోకి వదిలిన బూటకపు ధ్వని ఆ టార్పెడోను మాయలేడిలా పక్కదారి పట్టిస్తుంది. వేటగాడి చెవినే వేటగాడికి ఎదురుతిప్పే ఈ ఉపాయం నాకు కురుసుర గొట్టాలంత గొప్పగా కనిపిస్తుంది.

ఇక గగనం సంగతి. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్ 13న లేజర్ ఆయుధం డ్రోన్లను కూల్చింది. వాహనం మీద నిలిపి చేసిన పరీక్షే అయినా, డ్రోన్ల గుంపులు ఓడలను చుట్టుముట్టే ఈ రోజుల్లో నౌకలకూ ఇలాంటి కవచమే కావాలి. కదిలే లక్ష్యం మీద ఒకేచోట కాంతిని నిలిపి ఉంచడం మహా ఓపికతో చేయాల్సిన పని. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్న ఆ పనిలో చేయి వేయాలని నా కోరిక.