‘నిశ’ కథలో వృద్ధస్త్రీ: పరిణామశాస్త్ర దృష్టి
రాహుల్ సాంకృత్యాయన్ ‘ఓల్గా నుంచి గంగకు’ సంపుటిలోని తొలికథ ‘నిశ’ (కథాకాలం క్రీ.పూ. 6000) మాతృస్వామ్యాన్ని చిత్రిస్తుంది. దానిని ఎంగెల్స్ సిద్ధాంతానికి దృష్టాంతంగా చదివినప్పుడు స్త్రీ అధికారం కనిపిస్తుంది గాని స్త్రీ శరీరధర్మం మరుగున పడుతుంది.

కథాంతంలో వయసు మీరుతున్న నిశకు కూతురు లేఖ ప్రత్యర్థిగా తోస్తుంది. ఇద్దరూ ఓల్గాలో మునిగిపోతారు. యౌవనంతోనే తల్లి ఆధిపత్యం ముగుస్తుందన్న భావన దీనికి మూలం. టాంజానియాలోని హాడ్జా సమాజాన్ని పరిశీలించిన క్రిస్టెన్ హాక్స్ బృందం (1997–98) భిన్నమైన చిత్రాన్ని చూపింది. ఋతుక్రమం ఆగిన స్త్రీలు దుంపలు తవ్వి మనుమలను పోషిస్తారు; అందువల్ల కూతురు మరో బిడ్డను త్వరగా కనగలుగుతుంది. సంతానశక్తి ఉడిగాక కూడా స్త్రీ దశాబ్దాలు జీవించడం మానవజాతిలో స్థిరపడినది ఇందువల్లనేనని వారి ప్రతిపాదన. (తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ అమ్మమ్మ కొత్త కాదు.) తరాల మధ్య పోటీకే ప్రాధాన్యమిచ్చిన కాంట్, జాన్‌స్టన్‌ల వాదంలో (2008) సైతం సంతానోత్పత్తి నుంచి తప్పుకొనేది పెద్దామెయే.

రాహుల్‌జీ ఆమెను బొత్తిగా విస్మరించారనలేము. కథారంభంలో గుహలో పిల్లల చెంత ఉన్నది ఒక వృద్ధురాలే. పరిశోధన అర్ధశతాబ్ది తరువాత గుర్తించిన పాత్రను ఆయన 1942లోనే చూశారు. చూసి, కథాగమనానికి వెలుపల ఉంచారు. నిశ ఆ వృద్ధురాలి స్థానానికి చేరకముందే కథ ఆమెను నదికి అప్పగించింది.