ఇచిరో చెయ్యి

ఇచిరో సుజుకీ గురించి ఎవరు మాట మొదలుపెట్టినా హిట్ల లెక్కతోనే మొదలుపెడతారు. జపాన్‌లో 1,278, అమెరికాలో 3,089. 2004లో ఒక్క సీజన్‌లోనే 262 కొట్టి, జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన 257 రికార్డును దాటాడు. గొప్ప లెక్కే, కాదనను. కానీ బేస్‌బాల్‌లో ఒక ఆటగాడికి బ్యాటు పట్టే వంతు మ్యాచ్‌కు నాలుగైదుసార్లే వస్తుంది. ఎదుటి జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ ఇచిరో మైదానం కుడివైపు చివర, రైట్ ఫీల్డ్‌లో ఉండేవాడు. అతని విద్య అసలు రుచి అక్కడే తెలుస్తుందని నా అభిప్రాయం.

క్రికెట్‌లో బౌండరీ కాయడానికి కెప్టెన్ మనుషుల్ని చాలావరకు తన ఇష్టప్రకారం సర్దుకుంటాడు. బేస్‌బాల్‌లో అంత ఖాళీ నేలకూ ముగ్గురు అవుట్‌ఫీల్డర్లే కాపలా: ఎడమ, మధ్య, కుడి. వీళ్లలో అందరికంటే బలమైన చెయ్యి ఉన్నవాణ్ణి సాధారణంగా కుడివైపు నిలబెడతారు. మూడో బేస్ అక్కడి నుంచే చాలా దూరం కనుక. మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నాడు, బంతి రైట్ ఫీల్డ్‌లోకి పోయింది. రెండో బేస్ దగ్గర ఆగాలా, మూడోదాకా పరుగెత్తాలా? రన్నర్ మనసులో నడిచే ఈ లెక్కను తారుమారు చెయ్యడమే రైట్ ఫీల్డర్ పని.

పని బంతి బ్యాటుకు తగిలిన చప్పుడుతోనే మొదలవుతుంది. గట్టిగా తగిలిందా, మొద్దుగా తగిలిందా అన్నది చెవి ముందే చెబుతుంది. అనుమానంగా ఉంటే మొదటి అడుగు వెనక్కే వెయ్యమంటారు కోచ్‌లు. ముందు పడిన బంతి ఒక బేస్ ఇస్తుంది, తలమీదుగా పోయినది రెండో మూడో ఇచ్చేస్తుంది. అన్నిటికంటే మోసం చేసేది సూటిగా మొహం మీదికి వచ్చే బంతి. పక్కనుంచి పోయేదాని దూరం కంటికి ఆనుతుంది, ఎదురుగా వచ్చేదాని దూరం ఆనదు. ఎత్తుగా లేచిన బంతికి నేరుగా దాని కింద నిలబడరు. రెండడుగులు వెనక ఆగి, ముందుకు కదులుతూ, విసిరే చేతివైపు భుజం దగ్గర అందుకుంటారు. ఆ కదలిక ఊపు విసురులోకి రావాలి. వెంటనే ఒక చిన్న గెంతు, నడుము తిరగడం, రెండు వేళ్లు కుట్ల మీద అడ్డంగా పడటం. వేళ్లు అడ్డంగా పడితే బంతి తిన్నగా పోతుంది, తప్పితే దారిలో పక్కకు వంకర తిరుగుతుంది. ఇదంతా చూడకుండా, గ్లవ్ లోపలే, తడిమి చెయ్యాలి.

2001 ఏప్రిల్ 11న ఓక్లాండ్‌లో ఇది లోకానికి కనిపించింది. సియాటిల్ మారినర్స్ తరఫున ఇచిరోకి అమెరికాలో అది మొదటి నెల. ఎనిమిదో ఇన్నింగ్స్. మొదటి బేస్ మీద టెరెన్స్ లాంగ్ ఉన్నాడు, బంతి రైట్ ఫీల్డ్‌లోకి సింగిల్‌గా వచ్చింది. లాంగ్ మూడో బేస్‌కి పరుగు తీశాడు. అతను వేసుకున్న లెక్క తప్పు కాదు, మామూలు చేతికైతే సరిపోయేది. ఇచిరో ముందుకు ఉరికి బంతి అందుకుని విసిరాడు. అది ఎక్కడా నేల తాకకుండా, పెద్దగా పైకి లేవకుండా మూడో బేస్ మనిషి గ్లవ్‌లోకి వచ్చింది. లాంగ్ అవుట్. అమెరికా అభిమానులు ఈనాటికీ దాన్ని ఉత్త ‘త్రో’ అనే అంటారు.

ఆ తరవాత జరిగినదాని మీదే నాకు ఎక్కువ ఆసక్తి. ఇలా అవుట్ చేసిన ప్రతిసారీ ఫీల్డర్ ఖాతాలో ‘అసిస్ట్’ పడుతుంది. కానీ చెయ్యి గురించి ఊరంతా తెలిశాక రన్నర్లు పరుగెత్తడమే మానుకుంటారు, అసిస్ట్‌లు పడవు. కరిచే కుక్క ఉందని తెలిసిన ఇంటి గేటు ఎవరూ తియ్యరు. ఎంతమందిని కరిచిందో లెక్కపెడితే ఆ కుక్క విలువ తేలదు. అవుట్‌ఫీల్డర్ పనితనం సగం ఇలా జరగని పరుగుల్లోనే ఉంటుంది. గణాంకాల మీద ప్రాణం పెట్టే ఆటకు ఇది కాస్త ఇబ్బందే.

2001 నుంచి 2010 దాకా వరసగా పదిసార్లు, ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి అతనికి వచ్చింది. 2007లో మధ్యకు మార్చినా తప్పలేదు. 2005లో గోడ ఎక్కి గారెట్ ఆండర్సన్ హోమ్ రన్‌ను అవతలివైపు నుంచి లాక్కొచ్చినట్టు పట్టుకున్నాడు గానీ, అతని ఆట అలాంటి విన్యాసాల మీద నిలబడలేదు. నేలమీద పడి దొర్లే అవసరం రాకముందే బంతి దగ్గరికి చేరడం అతని పద్ధతి. దానివల్ల ఒళ్లు నిలిచింది. 2005, 2008, 2010 సీజన్లలో ఉన్న 162 మ్యాచ్‌లూ ఆడాడు. గ్లవ్ చాలాకాలం మిజునో సంస్థ పనివాడు సుబోతా చేతిది. మ్యాచ్ అయ్యాక దాన్ని తుడిచి నూనె పట్టించడం ఎవరికీ అప్పగించలేదు, తనే చేసుకునేవాడు.

ఆ చెయ్యి పుట్టుకతో అవుట్‌ఫీల్డర్‌ది కాదు. ఐచీ రాష్ట్రంలోని తొయొయామాలో చిన్నప్పటి నుంచీ తండ్రి రోజూ సాధన చేయించాడు. హైస్కూల్లో అతను పిచర్, అంటే బంతి వేసేవాడు. ప్రొఫెషనల్ ఆటకు వచ్చాక అతన్ని అవుట్‌ఫీల్డ్‌లో నిలబెట్టారు. పిచర్ కావాలన్న సరదా మాత్రం పోయినట్టు లేదు. 2015లో మయామి తరఫున సీజన్ చివరి మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్ బంతులు వేశాడు. 2019లో టోక్యో డోమ్‌లో ఆట విరమించాడు. 2021 డిసెంబరులో, 48 ఏళ్ల వయసులో, కోబెలో తన సరదా జట్టుతో హైస్కూలు అమ్మాయిల ఎంపిక జట్టు మీద ఆడాడు. ఆట మొత్తం తనే, 147 బంతులు వేసి, ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 1-0తో గెలిచాడు.